గడ్డం కింద కొవ్వు... సూదితో కరిగిద్దామనుకుంటున్నారా?

‘కోత లేదు, కుట్టు లేదు. నాలుగు సూదులు, గంటలో పని పూర్తి, సాయంత్రానికి ఇంటికి’. గడ్డం కింద వేలాడే కొవ్వును (డబుల్ చిన్) వదిలించుకోవాలనుకునే వారికి ఫోన్‌లో పదేపదే కనిపించే ప్రకటన ఇది. కొవ్వును కరిగించే ఇంజెక్షన్లు ఉన్న మాట నిజమే. కానీ ముఖం కింది భాగం ఎక్కడ పడితే అక్కడ సూది గుచ్చే చోటు కాదు. నవ్వును నడిపించే నాడి, చర్మానికి రక్తాన్ని అందించే ధమని, లాలాజల గ్రంథులు... అన్నీ వేలెడు జాగాలోనే ఉంటాయి. అందుకే చేయించుకునే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవటం తప్పనిసరి.

కాణిపాకంలో ముహూర్తాల రోజులు వస్తే వరసిద్ధి వినాయకుడి సన్నిధిలో పెళ్లిళ్ల సందడే సందడి. ఆలయం బయట కొత్త జంటలను నిలబెట్టి ఫొటోలు తీసేవాళ్లకు తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘అన్నా, గొంతు కింద లావు కనిపించకుండా తియ్యన్నా’ అని. ఒకప్పుడు తల కాస్త పైకెత్తితే సరిపోయేది. ఇప్పుడు పెళ్లి కుదిరిన రోజు నుంచే ‘వీ-షేప్ ముఖం’ కోసం వెతుకులాట మొదలవుతోంది. పెళ్లికూతుళ్లే కాదు, పెళ్లికొడుకులూ, వాళ్ల అమ్మలూ ఈ వరుసలో ఉన్నారు.

కాణిపాకం నుంచి చిత్తూరు పది పన్నెండు కిలోమీటర్లు. తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి బెంగళూరులోనో చెన్నైలోనో ఉండొచ్చు. దాంతో చాలామంది దీన్ని ఒక్కరోజు పనిగా భావిస్తారు. వెళ్లి, సూది వేయించుకుని, రాత్రికి ఇంటికి చేరుకోవచ్చన్నది లెక్క. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వాపు, నొప్పి మొదలయ్యేది ఆ రాత్రే. అప్పటికి సూది వేసినవారు నాలుగు గంటల ప్రయాణం అవతల ఉంటారు. వచ్చింది మామూలు వాపా, ప్రమాద సూచనా అన్నది చూసి చెప్పేవారు దగ్గర ఉండరు.

ఇంజెక్షన్‌లో ఏముంటుంది?

మనం తిన్న కొవ్వును జీర్ణం చేయటానికి కాలేయం పైత్యరసాన్ని తయారుచేస్తుంది. పేగుల్లోకి చేరిన ఈ రసం నుంచి ఏర్పడే ఆమ్లాల్లో ఒకటి డీఆక్సీకోలిక్ యాసిడ్. నెయ్యి అంటిన గిన్నె మీద సబ్బు ఎలా పనిచేస్తుందో, కొవ్వు మీద ఇది అలా పనిచేస్తుంది. దీన్నే కృత్రిమంగా తయారుచేసి, చర్మం కింది కొవ్వు పొరలోకి ఎక్కిస్తారు. ఇది కొవ్వు కణాల గోడలను ఛిద్రం చేస్తుంది. చితికిన కణాలను శరీరంలోని రక్షణ కణాలు కొన్ని వారాల పాటు నెమ్మదిగా తొలగిస్తాయి. అందుకే ఫలితం మర్నాడే కనబడదు. ముందు వాపు వస్తుంది, తర్వాతే తగ్గుదల.

ఇందులో గుర్తుంచుకోవాల్సిన విషయం- ఈ మందుకు కొవ్వు కణమేదో, పక్కనున్న కణమేదో తెలియదు. కొవ్వు పొరలోనే, సరైన లోతులో, సరైన మోతాదులో ఇస్తేనే దాని ప్రభావం అక్కడికి పరిమితమవుతుంది. చర్మానికి మరీ దగ్గరగా ఇస్తే చర్మం చచ్చిపడి పుండు పడొచ్చు. మరీ లోతుగా వెళ్తే కండరం, నాడి దెబ్బతినొచ్చు. ఒకసారి ఎక్కించాక దీనికి విరుగుడు లేదు. పెదాలు, బుగ్గల నిండుదనం కోసం వాడే హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ తేడా చేస్తే దాన్ని కరిగించటానికి మరో ఇంజెక్షన్ ఉంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

అనుమతి దేనికి? వాడుతున్నది దేనికి?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015 ఏప్రిల్ 29న డీఆక్సీకోలిక్ యాసిడ్ ఇంజెక్షన్‌కు (కైబెల్లా) అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి పెద్దవారిలో, గడ్డం కింద ఓ మాదిరి నుంచి ఎక్కువగా పేరుకున్న కొవ్వు తగ్గించటానికి మాత్రమే. దవడ అంచున వేలాడే బుగ్గలకు, ముఖంలోని ఇతర భాగాలకు, పొట్టకు, చేతులకు కాదు. ఇతర చోట్ల ఇది సురక్షితమనీ, పనిచేస్తుందనీ నిరూపణ కాలేదని, వాడొద్దని మందు సమాచార పత్రంలోనే స్పష్టంగా ఉంది.

ఒక విడతలో సెంటీమీటరు ఎడంతో, ఒక్కోచోట 0.2 మిల్లీలీటర్ల చొప్పున మందు ఎక్కిస్తారు. ఇలా ఒక విడతలో గరిష్ఠంగా 50 చోట్ల వరకు గుచ్చొచ్చు. విడతకూ విడతకూ మధ్య కనీసం నెల రోజుల ఎడం ఉండాలి. మొత్తం ఆరు విడతలు దాటకూడదు. అంటే ‘నాలుగు సూదులు, గంటలో పని’ అన్న ప్రకటనకూ, మందు తయారీదారు చెప్పే పద్ధతికీ పొంతనే లేదు.

మామూలుగా వచ్చేవి ఇవి

అనుమతికి ముందు జరిగిన ప్రయోగాల్లో ఈ మందు తీసుకున్న ప్రతి 100 మందిలో 87 మందికి వాపు వచ్చింది. 72 మందికి చర్మం కమిలింది. 70 మందికి నొప్పి, 66 మందికి సూది వేసిన చోట మొద్దుబారటం కనిపించాయి. దాదాపు నాలుగో వంతు మందిలో ఎర్రదనం, గట్టిపడటం ఉన్నాయి. ఇవి ఏదో తేడా చేసినట్టు కాదు, చికిత్సలో భాగమే. వాపు ఒక్కోసారి మెడ కింద పెద్ద సంచి వేలాడుతున్నంతగా ఉండొచ్చు. తగ్గటానికి రోజుల నుంచి వారాలు పడుతుంది. మొద్దుబారటం ఇంకా ఎక్కువ కాలం ఉండొచ్చు.

ఈ విషయం ముందే తెలిస్తే కంగారు ఉండదు. పెళ్లికి పది రోజుల ముందు వేయించుకుందామన్న ఆలోచనా రాదు.

నవ్వును నడిపే నాడి

చెవి ముందు నుంచి బయల్దేరే ముఖ నాడికి ఐదు ప్రధాన శాఖలున్నాయి. వీటిలో ఒకటి దవడ ఎముక అంచు వెంబడే, ఒక్కోసారి దానికి కాస్త కిందుగా సాగుతుంది. దీన్ని మార్జినల్ మాండిబ్యులర్ నాడి అంటారు. కింది పెదవిని ఒక పక్కకు, కిందికి లాగే కండరాలను నడిపేది ఇదే. కొవ్వు కరిగించే మందు ఈ నాడికి తగిలితే ఆ వైపు పెదవి కిందికి దిగదు. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. నవ్వినప్పుడు, మాట్లాడినప్పుడు మూతి ఒక పక్కకు వంకర పోతుంది.

ప్రయోగాల్లో 100 మందిలో సుమారు నలుగురికి ఈ సమస్య తలెత్తింది. అందరిలోనూ దానంతటదే తగ్గిపోయింది. అయితే ఎప్పటికి? సగం మందికి సుమారు ఆరు వారాల్లో తగ్గింది. కొందరికి చాలా ఎక్కువ సమయం పట్టింది. అత్యధికంగా 298 రోజులు. అంటే దాదాపు పది నెలలు. ఇది శిక్షణ పొందిన వైద్యులు, అనుమతించిన చోట, అసలు మందు ఇచ్చినప్పటి లెక్క. దవడ అంచున వేలాడే కొవ్వు కోసం సరిగ్గా ఈ నాడి మీదే సూది గుచ్చితే ముప్పు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే దవడ అంచు నుంచి సెంటీమీటరు, సెంటీమీటరున్నర కింది వరకు మందు వేయకూడని ప్రాంతంగా గీత గీసి వదిలేస్తారు.

పెళ్లి ముందు వచ్చిన కమిలిన మచ్చను మేకప్‌తో కప్పేయొచ్చు. వంకరపోయిన నవ్వును కప్పటానికి ఏ మేకప్పూ లేదు.

ధమని, గ్రంథులు, గొంతు

గట్టిగా పళ్లు బిగబట్టి, దవడ వెనక బిర్రుగా లేచే కండరానికి కాస్త ముందు, దవడ అంచు మీద వేలు పెట్టి చూడండి. నాడి కొట్టుకోవటం తెలుస్తుంది. అది ముఖానికి రక్తాన్ని తీసుకెళ్లే ధమని. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఆ నాళం సరఫరా చేసే చర్మం చచ్చిపడి నల్లబడొచ్చు. పుండు మానినా మచ్చ మిగులుతుంది.

దవడ కింద రెండు వైపులా లాలాజల గ్రంథులుంటాయి. వయసుతో పాటు ఇవి కాస్త కిందికి జారి, పైకి ఉబ్బెత్తుగా కనబడతాయి. చూడ్డానికి కొవ్వులాగే ఉంటుంది. అది గ్రంథి అని గుర్తించకుండా మందు ఎక్కిస్తే కొవ్వు తగ్గదు సరికదా, గ్రంథి దెబ్బతింటుంది. ప్రయోగాల్లో 100 మందిలో ఇద్దరికి మింగటం కష్టమైంది. చాలావరకు ఇది కొద్దిరోజుల్లో తగ్గింది. అయితే ముందు నుంచే మింగటంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఈ చికిత్స తగదు. మగవాళ్లలో సూది వేసిన చోట గడ్డం వెంట్రుకలు రాలిపోవటమూ ఉంది.

మరో సంగతి. చర్మం బిగువు తగ్గినవాళ్లలో లోపలి కొవ్వు కరిగితే పైచర్మం ఇంకా వదులుగా వేలాడుతుంది. 50, 60 ఏళ్లు దాటినవాళ్లు వయసు తగ్గించుకుందామని వెళ్లి, మరింత పెద్దగా కనిపించే అవకాశమూ ఉంది.

పేరు లేని సీసాలు... ఇంకో ముప్పు

అసలు మందు ఖరీదు ఎక్కువ. అందుకే ఫాస్ఫాటిడైల్‌కోలిన్, డీఆక్సీకోలేట్ కలిపిన మిశ్రమాలు, రకరకాల పేర్లతో ఆన్‌లైన్‌లో వచ్చే ‘లిపోలిసిస్’ సీసాలు చలామణీ అవుతున్నాయి. 2023 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఇలాంటి వాటి గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆక్వాలిక్స్, లిపోడిజాల్వ్, లిపో ల్యాబ్, కాబెలిన్ వంటి పేర్లతో అమ్మే ఉత్పత్తులకు తమ అనుమతి లేదని తెలిపింది. వీటిని వేయించుకున్నవారిలో శాశ్వతమైన మచ్చలు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు, చర్మం సొట్టలు పడటం, తిత్తులు, లోతుగా నొప్పెట్టే గడ్డలు వచ్చినట్టు ఫిర్యాదులు అందాయని చెప్పింది.

శుభ్రత పాటించని చోట సూదులు గుచ్చితే నీళ్లలో, మట్టిలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా చర్మం కిందికి చేరొచ్చు. ఇది క్షయ బ్యాక్టీరియాకు దగ్గరి బంధువు. రెండు మూడు రోజుల్లో బయటపడదు. కొన్ని వారాల తర్వాత ఎర్రటి గడ్డలుగా లేచి, చీము కారుతుంది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు. నెలల తరబడి ప్రత్యేక మందులు వాడాల్సి వస్తుంది. ఇంజెక్షన్ సంగతి చెప్పకపోతే వైద్యులకూ దీన్ని పోల్చుకోవటం కష్టమవుతుంది.

అసలు అది కొవ్వేనా?

గడ్డం కింద లావుగా కనిపించినంత మాత్రాన అదంతా కొవ్వు కాదు. సూది దాకా వెళ్లకముందే తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి.

* వంశపారంపర్యం: అమ్మమ్మకూ, అమ్మకూ ఉంటే మీకూ ఉండొచ్చు. కింది దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లలో సన్నగా ఉన్నా డబుల్ చిన్ కనిపిస్తుంది.
* థైరాయిడ్: థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ముఖం ఉబ్బరిస్తుంది, బరువు పెరుగుతుంది. గ్రంథి పెరిగితే గొంతు ముందు ఎత్తుగా కనిపిస్తుంది. ఒక రక్తపరీక్షతో, అవసరమైతే స్కానింగ్‌తో తేలిపోతుంది.
* స్టిరాయిడ్లు: మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో పేరు తెలియని మాత్రలు, పొడులు నెలల తరబడి వాడేవాళ్లలో ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. దీనికి మందు సూది కాదు, ఆ పొడి ఏమిటో తేల్చటం. అలాగని దాన్ని హఠాత్తుగా ఆపకూడదు. డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి.
* ఒకవైపే గడ్డ: రెండు వైపులా సమానంగా కాకుండా ఒక పక్కే గడ్డ తగిలితే అది లాలాజల గ్రంథి సమస్యో, లింఫు గ్రంథి వాపో కావొచ్చు. పొగాకు, గుట్కా అలవాటు ఉన్నవాళ్లు దీన్ని అసలు నిర్లక్ష్యం చేయొద్దు. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి.

బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు ముందు బరువు తగ్గటం మీద దృష్టి పెట్టాలి. ఐదారు కిలోలు తగ్గితే చాలామందికి ముఖంలోనే మొదట తేడా తెలుస్తుంది. ఇంజెక్షన్‌తో పోయిన కొవ్వు కణాలు మళ్లీ రావు గానీ, బరువు పెరిగితే మిగిలిన కణాలు ఉబ్బుతాయి.

ఎవరు దూరంగా ఉండాలి?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపు వాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. సూది వేసే చోట మొటిమలు, చీము, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు చేయించుకోకూడదు. గుండెజబ్బుకో, పక్షవాతం రాకుండానో రక్తం గడ్డకట్టనివ్వని మందులు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫారిన్) వాడేవాళ్లలో రక్తస్రావం, కమిలిపోవటం ఎక్కువ. అందం కోసం ఈ మందులను సొంతంగా ఆపటం ప్రాణాంతకం. ఇంతకుముందు ముఖ పక్షవాతం వచ్చినవాళ్లు, మెడకు శస్త్రచికిత్స అయినవాళ్లు, మధుమేహం అదుపులో లేనివాళ్లు ముందే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

‘చిన్న పనే’ అనుకోవటమే ముప్పు

కైబెల్లాకు అనుమతి వచ్చి ఆరు వారాలు కూడా కాకముందే, 2015 జూన్ 6న నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూశారు. ‘నువ్వు నాకు నచ్చావ్’ సినిమాతో తెలుగువారికి దగ్గరైన ఆమె వయసు అప్పటికి 31 ఏళ్లే. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని, తర్వాత శ్వాస ఇబ్బందులు వచ్చాయని అప్పట్లో వార్తలొచ్చాయి. 2022 మేలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తొలగించే శస్త్రచికిత్స తర్వాత మరణించారు. ఆమెకు 21 ఏళ్లు. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పకుండానే ఆమె ఆసుపత్రికి వెళ్లారని అప్పటి కథనాలు.

ఆ రెండూ శస్త్రచికిత్సలు. గడ్డం కింద వేసే ఇంజెక్షన్‌తో వాటిని సమానంగా చూడలేం. కానీ రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే. అందం కోసం చేసేది కాబట్టి చిన్న పనే అనుకోవటం, ఎవరికీ చెప్పకుండా ముగించేద్దామనుకోవటం. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెళ్తే, రాత్రిపూట ముఖం రంగు మారినప్పుడు చూసేవాళ్లుంటారు.

ప్రమాణం కాదు, కాగితం అడగండి

కాణిపాకంలో స్వామి ఎదుట ప్రమాణం చేస్తే అబద్ధం చెప్పరని నమ్మకం. పంచాయితీలు సైతం అక్కడ తెగిపోతాయి. క్లినిక్‌లో మాత్రం ‘ఏమీ కాదమ్మా, నాదీ పూచీ’ అన్న నోటి మాట సరిపోదు. ఇవి అడగండి:

* సూది వేసేది ఎవరు? డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోండి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని వైద్యుల జాబితాలో సరిచూసుకోవచ్చు. చర్మ వైద్యులో, ప్లాస్టిక్ సర్జనో అయ్యుండాలి. యూట్యూబ్‌లో చూసో, వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చో సౌందర్య చికిత్సలు మొదలుపెట్టటం కుదరదని 2022లోనే కమిషన్ తేల్చి చెప్పింది.
* క్లినిక్‌కు జిల్లా వైద్యారోగ్య శాఖ రిజిస్ట్రేషన్ ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు అల్లోపతి వైద్యశాలలకు ఇది తప్పనిసరి. బ్యూటీ పార్లర్‌లో, హోటల్ గదిలో, ఇంటికొచ్చి వేస్తామంటే అక్కడితో ఆపేయండి.
* మందు పేరేంటి? మూత తీయని సీసాను మీ ముందే తెరవమనండి. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫొటో తీసుకోండి. ‘మేమే కలుపుతాం’ అంటే వద్దనండి.
* సరిగ్గా ఎక్కడ వేస్తారు? గడ్డం కిందా, దవడ అంచు మీదా? అంచు మీద అయితే ఆ వాడకానికి అనుమతి లేదన్న సంగతి డాక్టర్ మీకు స్వయంగా చెప్పాలి.
* దుష్ప్రభావాలన్నీ రాసిన అంగీకార పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించారా? ఒక ప్రతి ఇచ్చారా?
* రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? దీనికి సమాధానం లేని చోట చేయించుకోవద్దు.

పెళ్లి, నిశ్చితార్థం వంటివి దగ్గర్లో ఉంటే ఈ చికిత్స మొదలుపెట్టకపోవటమే మేలు. ఒకటికి మించి విడతలు, మధ్యలో నెలేసి ఎడం, వాపు తగ్గే సమయం అన్నీ లెక్కేస్తే కనీసం ఆరు నెలల వ్యవధి చేతిలో ఉండాలి. నాడి దెబ్బతింటే కోలుకోవటానికీ కొంత సమయం మిగలాలి కదా!

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* సూది వేసిన వెంటనే గానీ, కొన్ని గంటల్లో గానీ భరించలేని నొప్పి, చర్మం తెల్లగా పాలిపోవటం, నీలం రంగు వల గీసినట్టు కనిపించటం, తర్వాత నల్లబడటం, బొబ్బలు
* మింగలేకపోవటం, గొంతు పట్టేసినట్టుండటం, ఆయాసం
* నవ్వినప్పుడు మూతి ఒక పక్కకు పోవటం
* జ్వరం, వాపు తగ్గుతూ వచ్చి మళ్లీ పెరగటం, చీము
* వారాల తర్వాత కొత్తగా గడ్డలు లేవటం

ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. చర్మం రంగు మారితే తెల్లారే దాకా ఆగొద్దు. సూది వేసిన డాక్టర్‌కు చెబుతూనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. చిత్తూరు జిల్లా వాసులకు తిరుపతిలోని రుయా, స్విమ్స్, ఇటు వేలూరు సీఎంసీ అందుబాటులో ఉన్నాయి. వెళ్లేటప్పుడు మందు సీసా ఫొటో వెంట ఉంచుకోండి. ‘ముఖానికి ఇంజెక్షన్ వేయించుకున్నాను’ అని సిగ్గుపడకుండా చెప్పండి. నొక్కటం, మర్దన, వేడి కాపడం, పసుపు ముద్దలు పెట్టటం చేయొద్దు. మామూలు వాపుకు గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలతో కొద్దిసేపు అద్దుకోవచ్చు.

మందుతో దుష్ప్రభావం కలిగితే ఔషధ భద్రత పర్యవేక్షణ విభాగానికి 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరులో తెలియజేయొచ్చు. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించొచ్చు. అప్పుడు బిల్లు, అంగీకార పత్రం, ముందు తీసిన ఫొటోలే సాక్ష్యాలు.

గడ్డం కింద కొంచెం కొవ్వు ఉండటం జబ్బు కాదు. దాన్ని తగ్గించుకోవాలనుకోవటం తప్పూ కాదు. తీరిగ్గా, తెలిసిన వైద్యుల దగ్గర, ఇంట్లో వాళ్లకు చెప్పి, కాగితాలు చూసుకుని చేయించుకుంటే చాలావరకు ముప్పు తప్పుతుంది. తొందర ఉందంటే మాత్రం ఫొటో తీసే అన్నకే చెప్పండి. కెమెరా కాస్త పైనుంచి పెట్టి, తల కొంచెం ముందుకు చాచమంటాడు. దానికి విరుగుడు అవసరం లేదు.